మా ఇంట్లో రంగం పెట్టె, నేను చదివిన యుద్ధ నవల

(ఒక ఆదివారం పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? సరే.

ఈ నెల యుద్ధం నేపథ్యంగా ఉన్న ఒక నవల గురించి మాట్లాడమన్నారు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. హిట్లర్, పోలండ్, పెర్ల్ హార్బర్, హిరోషిమా, తర్వాత ఐక్యరాజ్యసమితి, పరీక్షలో నాలుగు మార్కులు, అంతే. ఆ పాఠంలో మా ఇల్లు ఉందని నాకు యాభై దాటాక తెలిసింది. అది నాకు తెలియజేసిన పుస్తకం అమితావ్ ఘోష్ రాసిన 'ద గ్లాస్ ప్యాలెస్'. 2000లో వచ్చింది. నేను ఇంగ్లీషులోనే చదివాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను, వంద పేజీలు దాటాక డిక్షనరీ సంగతే మర్చిపోయాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే ఈ నవల నన్ను ఎక్కడ పట్టుకుందో మీకు అర్థం కాదు.

మాది బారువ రేవుకు దగ్గర్లో ఒక ఊరు. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా అంటున్నాం కానీ, మా ముత్తాత కాలంలో అది గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం విడిపోయినప్పుడు మమ్మల్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా ఊళ్ళో కనపడకపోతే 'రంగం వెళ్ళాడు' అనేవాళ్ళు. రంగం అంటే రంగూన్. రేవులో పడవ ఎక్కి, దూరంగా లంగరేసిన ఓడ దగ్గరకు వెళ్ళి, డెక్కు మీద మూటాముల్లెతో కూర్చుంటే, బంగాళాఖాతం దాటి రంగంలో దించేవాళ్ళు. అక్కడ రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, పాకీపని, ఇవన్నీ మనవాళ్ళే. బర్మాలో మనవాళ్ళను 'కోరంగీలు' అనేవాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి ఉంది చూడండి, పూర్వం పెద్ద ఓడరేవు, ఆ రేవు పేరే జనం పేరైపోయింది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళే. ఒక దేశపు రాజధానిలో ఆ దేశంవాళ్ళే తక్కువైపోయారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

మా ముత్తాత రంగం మేస్త్రి, అంటే అక్కడ కూలీల జట్టుకు పెద్ద. ఆ మాట మా ఇంట్లో ఒక బిరుదులాగా చెప్పుకునేవాళ్ళం. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా 'రంగం మేస్త్రి గారి ఇల్లు' అనేవాళ్ళు. ఇంట్లో ఒక టేకు పెట్టె ఉంది, మూత మీద ఇత్తడి బద్దీలు, నాలుగు మూలలా ఇత్తడి రేకు, ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత కూడా పురుగు పట్టలేదు. చిన్నప్పుడు దాని మీదే కూర్చుని హోంవర్కు చేసేదాన్ని. అది రంగం పెట్టె. లోపల ఏముందో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పాత పట్టుచీర ఒకటి, దస్తావేజులు, ఒక లెక్కల పుస్తకం.

ఆయన 1942లో నడిచి వచ్చాడు. రంగం నుంచి.

ఇది మా మామ్మ చెప్పిన మాట. మామ్మ ఆయన కోడలు. అప్పటికి ఆవిడకు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. జ్యేష్ఠమాసంలో ఒక సాయంత్రం వాకిట్లో ఎవరో ముసలి బిచ్చగాడు కూర్చున్నాడనుకుని చేటలో బియ్యం పట్టుకెళ్ళిందట. ఆయన తలెత్తి, 'నేనేనమ్మా' అన్నాడట. అంతే, ఇంకేం మాట్లాడలేదట. నడిచి ఎలా వచ్చాడు, ఎవరితో వచ్చాడు, దారిలో ఏం తిన్నాడు, ఇవేవీ ఆయన చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక్క అలవాటు మాత్రం వచ్చిందట. రాత్రి పడుకునేటప్పుడు చెప్పులు తలకింద పెట్టుకునేవాడట. మా ఇళ్ళల్లో చెప్పులు గడప దాటి లోపలికి రానివ్వరు కదా, అలాంటిది తలకింద. మామ్మకు అది చాలా కష్టంగా ఉండేదట, మామగారిని ఏమీ అనలేక, పొద్దున్నే ఆ దుప్పటి తీసి తడిపేసేదట. ఎందుకలా అని నేను అడిగితే 'యుద్ధంలో మతి చెడిందే' అనేది. నేనూ అదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను.

ఇప్పుడు నవల.

1885 నవంబరులో, అప్పటి బర్మా రాజధాని మాండలేలో మొదలవుతుంది. రాజ్‌కుమార్ అని పదకొండేళ్ళ పిల్లాడు, తల్లీ తండ్రీ లేని అనాథ, బెంగాలీ, ఒక చిన్న తిండి దుకాణంలో పని చేస్తుంటాడు. దూరంగా ఏదో శబ్దం వస్తుంది. అక్కడున్న వాళ్ళెవరికీ అదేమిటో తెలియదు. ఆ పిల్లాడు మాత్రం చెప్తాడు, అది ఇంగ్లీషువాళ్ళ ఫిరంగి అని. రెండు వారాల్లో యుద్ధం అయిపోతుంది, థీబా రాజునీ రాణినీ రత్నగిరికి పంపించేస్తారు, ఊరి జనం రాజమహల్లోకి పడి దొరికింది దొరికినట్టు పట్టుకుపోతారు. ఆ గందరగోళంలో రాజ్‌కుమార్ రాణి దగ్గర పనిచేసే డాలీ అనే పిల్లను చూస్తాడు. అక్కడి నుంచి మూడు తరాల కథ, మాండలే, రత్నగిరి, రంగూన్, మలయా, కలకత్తా, నూరేళ్ళకు పైగా.

ఆ మొదటి యాభై పేజీల్లోనే ఒక చోట నేను ఆగిపోయాను. మాండలేను పట్టుకున్న ఇంగ్లీషు సైన్యంలో ఎక్కువమంది మన సిపాయిలే. మద్రాసు పటాలాలు కూడా వెళ్ళాయి ఆ యుద్ధానికి, అంటే తెలుగువాళ్ళూ ఉన్నారు. ఊరి జనం కోపంతో దొరికిన కలాను కొడదామని ఈ పిల్లాడి మీద పడతారు. కలా అంటే పరదేశి, మనలాంటివాళ్ళు. సాయా జాన్ అనే ఆయన వాణ్ణి కాపాడతాడు. ఈ సాయా జాన్ ఒకప్పుడు సింగపూర్‌లో మిలిటరీ ఆసుపత్రిలో పనిచేశాడు, గాయపడ్డ భారతీయ సిపాయిలకు కట్లు కట్టాడు. కొన్ని అణాల కూలికి, తమకు ఏ పగా లేని వాళ్ళ మీద ఎలా తుపాకీ ఎత్తుతారు అని ఆయనకు అప్పటినుంచీ ఒక ఆశ్చర్యం. అమాయకత్వంలోనే ఒక చెడు ఉందని ఆయనకు అనిపిస్తుంది. నేను క్లాసులో 'మూడవ ఆంగ్లో బర్మా యుద్ధం, 1885' అని బోర్డు మీద రాశానే, ఆ గీత కింద ఇంత ఉందా అనిపించింది.

రాజ్‌కుమార్ పెరిగి పెద్దవాడై టేకు వ్యాపారం చేస్తాడు, బాగా డబ్బు చేస్తాడు. అయితే మొదటి పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడే నా గుండె జారిపోయింది. కూలీలను ఓడల్లో తెచ్చి చమురు బావుల కంపెనీకి అప్పగించడం ద్వారా వచ్చింది. ఆ పనిలో అతనికి తోడు నిలిచిన మేస్త్రి పేరు బాబురావు. గుంటూరు వైపు నుంచి జనాన్ని పోగుచేసే మనిషి. పేజీలో 'గుంటూరు' అన్న మాట చూడగానే ముందు సంతోషం వేసింది, మనవాడు కనిపించాడని. నాలుగు లైన్లు చదివేసరికి ఆ సంతోషం ఎటుపోయిందో. ఊళ్ళో కరువు, అప్పు, బయానా ఇచ్చి వేలిముద్ర వేయించుకోవడం, ఓడ ఎక్కించడం, తలకింత అని మేస్త్రికి ముట్టడం. అదంతా చదువుతుంటే మా ముత్తాత నాకు వేరే వెలుగులో కనపడటం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి నేను రంగం పెట్టె తీశాను.

లెక్కల పుస్తకం పొడుగ్గా ఉంటుంది, పాత కిరాణా కొట్టు చిట్టాలాగా, ఎర్ర గుడ్డ అట్ట. ప్రతి పేజీలో మొదట పేరు, తర్వాత ఊరు, తర్వాత బయానా, ఓడ చార్జీ, బియ్యానికి ఇంత, బట్టలకు ఇంత, అన్నీ రూపాయలు అణాలు పైసల్లో. చివర వేలిముద్ర, కొన్నిచోట్ల సిరా ఎక్కువై గీతలు కలిసిపోయి నల్లటి మచ్చలా ఉంటుంది. ఆ మనిషి పని చేసి బాకీ తీర్చేశాక, ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి 'చెల్లు' అని రాసి ఉంటుంది. కొందరికి ఏడాదికి చెల్లు అయింది. కొందరికి నాలుగేళ్ళు పట్టింది. ఒకతని పేజీ తిరగేస్తే, బాకీ తీరకముందే చనిపోయినట్టుంది, మిగిలిన మొత్తం అతని తమ్ముడి పేరు మీద ఎక్కించారు. తమ్ముడి వేలిముద్ర చాలా చిన్నది. పిల్లాడి వేలు అది.

నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మేస్త్రి పని చెడ్డదా మంచిదా అంటే ఒక్క ముక్కలో చెప్పలేం. మేస్త్రి లేకపోతే ఊళ్ళో కూలీకి ఓడ చార్జీ ఎవరిస్తారు, ఆ పరాయి దేశంలో భాష తెలియని చోట ఎవరు ఆదుకుంటారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఇది ఒక వైపు. ఆ చూసిన ప్రతిదానికీ కూలిలోంచి కోసుకునేది కూడా అతనే, ఇది రెండో వైపు. రంగంలో కూలీలు ఇరుకు గదుల్లో, ఒకడు లేచి పనికి పోతే ఆ చోట ఇంకొకడు పడుకునేలా బతికారు. ఆ గదుల అద్దెలో కూడా మేస్త్రి వాటా ఉండేది. మా ఇంటి మిద్దె, మా మామ్మ మెడలో కాసులపేరు, ఆ తర్వాత మా నాన్న చదువు, దాని మీద నా చదువు, ఇదంతా ఆ వాటాల్లోంచి వచ్చింది. ఈ మాట బయట చెప్పడం ఇదే మొదటిసారి. మా అన్నయ్య ఇక్కడే కూర్చున్నాడు, వాడికి ముందే చెప్పాను, చెప్పమన్నాడు.

నవల్లో 1930 అల్లర్లు వస్తాయి. ఆ అల్లర్లకు మూలం మన తెలుగువాళ్ళే అని నాకు అప్పటిదాకా తెలియదు, తప్పు చేశారని కాదు, కథ వాళ్ళతో మొదలైంది. ఆ ఏడాది మే నెలలో రంగూన్ రేవులో కోరంగీ కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. ఓడ కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె తేలిపోయి మనవాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చేసరికి బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన గొడవ ఊరంతా పాకింది. కత్తులు, గడ్డపారలు. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మన కూలీలే. ఇద్దరు బీదవాళ్ళను ఒకే పని కోసం ఒకే గుమ్మం ముందు నిలబెట్టింది కంపెనీ, చచ్చింది మాత్రం ఆ బీదవాళ్ళు.

నవల్లో ఉమ అనే ఆవిడ ఈ అల్లర్లు కళ్ళారా చూస్తుంది. రాజ్‌కుమార్ కుటుంబానికి స్నేహితురాలు, విదేశాల్లో తిరిగి వచ్చిన మనిషి, స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న మనిషి. ఆవిడ రాజ్‌కుమార్‌ను ముఖం మీదే నిలదీస్తుంది. ఈ దారుణానికి నీలాంటివాళ్ళే కారణం, ఇంతమందిని తెచ్చి ఇక్కడ పడేసినప్పుడు ఏమవుతుందని ఎప్పుడైనా ఆలోచించావా, నువ్వు చేసింది తెల్లవాళ్ళు చేసిన దానికన్నా ఘోరం అంటుంది. నేను అక్కడ పుస్తకం మూసి పెట్టేశాను. వారం రోజులు తెరవలేదు. ఆవిడ నన్నే తిట్టినట్టుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, రాజధానిలో సొంత మనుషులే తక్కువైపోయారని. వాళ్ళ వైపు నుంచి చూస్తే మనం ఎవరం? ఫిరంగి వెనకాల ఓడలో వచ్చిన జనం. మనకు తిండి లేక వెళ్ళాం, వాళ్ళ కళ్ళకు ఆక్రమించడానికి వచ్చినట్టు కనపడ్డాం. రెండూ నిజమే, నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వని నిజాలు.

వారం తర్వాత మళ్ళీ తీశాను. అప్పుడు వచ్చింది యుద్ధం.

1941 డిసెంబరు. జపాన్ మలయాలోకి దిగుతుంది. అక్కడ అర్జున్ అనే యువకుడు, డెహ్రాడూన్‌లో శిక్షణ పొంది ఇంగ్లీషు సైన్యంలో ఆఫీసరైన మొదటి తరం భారతీయుల్లో ఒకడు. ఆ ఉద్యోగం, ఆ మెస్, దొరలతో సమానంగా కూర్చుని తినడం అతనికి ఎంత గర్వమో. యుద్ధం మొదలైన నాలుగు రోజుల్లో అదంతా పేకమేడలా కూలిపోతుంది. జపాన్ విమానాలు కరపత్రాలు జారవిడుస్తాయి, మీరు ఎవరి కోసం పోరాడుతున్నారు అని. కాలికి గాయమై, తన అర్దలీ కిషన్ సింగ్‌తో ఒక కల్వర్టులో దాక్కున్న రాత్రి అర్జున్ తనలో తాను తవ్వుకుంటాడు, నా చేతులు నావేనా, ఇన్నాళ్ళూ నన్ను ఎవరు నడిపించారు అని. అక్కడి నుంచి అతను ఇంగ్లీషువాళ్ళ మీదే తిరగబడి ఆజాద్ హింద్ ఫౌజు వైపు వెళ్తాడు. చివరికి, 1945లో, ఓడిపోయిన సైన్యంతో బర్మా అడవుల్లో మిగిలినప్పుడు, పారిపోయిన కిషన్ సింగ్‌ను సైనిక న్యాయం ప్రకారం తన చేత్తోనే కాల్చాల్సి వస్తుంది. ఏ బానిసత్వం వదిలించుకోవాలని తిరగబడ్డాడో అదే రూలు అతని చేతిలోకి మళ్ళీ వచ్చింది. రచయిత తండ్రి ఆ యుద్ధంలో బర్మాలోనే ఇంగ్లీషు సైన్యంలో ఆఫీసరు, అంటే అర్జున్‌కు ఎదుటి పక్షం. పుస్తకం చివర రచయితే ఈ సంగతి చెప్పుకున్నాడు. ఆ మాట చదివాక అర్జున్ మీద ఆయన చూపించిన ఓర్పు నాకు ఇంకా విలువగా అనిపించింది.

అర్జున్ భాగం గురించి చాలామంది చాలా రాశారు, నేను అక్కడ ఎక్కువసేపు నిలబడను. నేను నిలబడాల్సింది నడక దగ్గర.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి బాంబులు పడ్డాయి. నవల్లో ఆరోజు రాజ్‌కుమార్ పెద్ద కొడుకు నీల్ టేకు అడితిలో ఉంటాడు, బాంబులకు ఏనుగులు బెదిరి దుంగలు దొర్లి వాటి కింద పడి చనిపోతాడు. నిజంగా ఆరోజు ఊళ్ళో జనం, బాంబు అంటే ఏమిటో తెలియక, రోడ్డు మీదకు వచ్చి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారట. వేలమంది చనిపోయారు. రేవు కూలీలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊరు వదిలేశారు. ఓడల్లో డెక్కు టికెట్లు కూలివాళ్ళకు దొరకలేదు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతిలోకి పోయింది. ఇక మిగిలింది కాలినడక. ఆరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు కొందరు, ఉత్తరాన టాము అనే సరిహద్దు ఊరి మీదుగా ఇంఫాల్, దిమాపూర్ వైపు కొందరు, ఇంకా పైన హుకాంగ్ లోయలోంచి అస్సాంకు కొందరు. నాలుగైదు లక్షలమంది అలా నడిచారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి, తర్వాత వానలు. దారిలో ఎంతమంది పోయారో సరైన లెక్క ఎవరూ కట్టలేదు, తక్కువ చెప్పేవాళ్ళు కూడా పదివేలకు తగ్గించి చెప్పరు. తెల్లవాళ్ళకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అని వేరుచేశారని అప్పుడే గొడవైంది, అలహాబాద్‌లో కాంగ్రెస్ తీర్మానం కూడా చేసింది. ఇన్ని లక్షలమంది నడిచిన నడక మా సాంఘికశాస్త్రం పుస్తకంలో ఒక్క లైను లేదు. నేనూ చెప్పలేదు. నాకు తెలియదు కాబట్టి చెప్పలేదు.

నవల్లో రాజ్‌కుమార్, డాలీ, కోడలు మంజు, మంజు చంటిబిడ్డ, నలుగురూ నడుస్తారు. ఒకప్పుడు ఓడలనిండా మనుషులను తెచ్చినవాడు ఇప్పుడు ఆ మనుషుల మధ్యే బురదలో కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నాడు. మంజుకు పాలు ఎండిపోతాయి. భర్త పోయాడు, ఒళ్ళంతా పుళ్ళు, బిడ్డ ఏడుపు ఆగదు. నది దాటుతుండగా బిడ్డను డాలీ చేతిలో పెట్టి, నీళ్ళలోకి జారిపోతుంది. రచయిత ఏడిపించాలని ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు. నీళ్ళు చల్లగా ఎంత హాయిగా ఉండి ఉంటాయో అనిపించేలా రాశాడు. నాకు ఆ పేజీ చదివాక అర్థమైంది, అలసట అనేది చావు భయం కన్నా పెద్దది కావచ్చని.

ఆ అధ్యాయంలో నేను పదే పదే చూసింది ఒక్కటే, పాదాలు. అంత దూరం నడిచేవాడికి పాదమే ప్రాణం. చెప్పు తెగితే పుండు, పుండు పడితే వెనకబడటం, వెనకబడితే అక్కడే చెట్టుకింద మిగిలిపోవడం. రాత్రి పడుకున్నప్పుడు ఎవరైనా చెప్పులు పట్టుకుపోతే తెల్లారేసరికి ఆ మనిషి పనైపోయినట్టే.

తలకింద పెట్టుకోక ఇంకెక్కడ పెట్టుకుంటాడండీ.

మా ముత్తాతకు మతి చెడలేదు. తొమ్మిదేళ్ళు, చనిపోయేదాకా, ఆయన ప్రతి రాత్రీ ఆ దారిలోనే పడుకున్నాడు, మాకు తెలియలేదు. ఈ సంగతి చెప్దామంటే మామ్మ లేదు. ఆవిడ ఉండి ఉంటే ఆ రాత్రే ఊరికి బస్సెక్కి వెళ్ళేదాన్ని.

ఈ నవలలో నాకు నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. మలయా రబ్బరు తోటల్లో ప్రేమకథలు నాకు కాస్త సాగినట్టు అనిపించాయి. యుద్ధం తర్వాతి యాభై ఏళ్ళను ఆఖరి పేజీల్లో పరుగు మీద చెప్పేశాడు. అన్నిటికన్నా పెద్ద వెలితి ఇంకొకటి. నడక మొత్తం టేకు వ్యాపారి ఇంటి కళ్ళతో చూశాం. పక్కన నడుస్తున్న వేలమంది కూలీలు గుంపుగా కనపడతారు, కాలిపోతున్న మిల్లుల పొగలాగా, వానలాగా. వాళ్ళలో సగం మంది తెలుగులో ఏడ్చి ఉంటారు, అరవంలో ఏడ్చి ఉంటారు. ఒడియాలో కూడా. ఆ ఏడుపు ఈ పుస్తకంలో వినపడదు. ఆయన బెంగాలీ, ఆయన ఇంటివాళ్ళ జ్ఞాపకాల్లోంచి రాసుకున్నాడు, ఆయన్ని తప్పు పట్టను. మన నడక మనం రాసుకోవాలి. లక్షన్నరకు పైగా తెలుగువాళ్ళు బర్మాలో ఉండేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు ఈ తీరమంతా ఉన్నారు. ఈ విశాఖపట్నంలోనే కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు ఉంది, ఆ యుద్ధం తర్వాత కూడా బర్మాలోనే ఉండిపోయి, అరవైల్లో అక్కడి సర్కారు పొమ్మంటే వచ్చినవాళ్ళది.

ఇంకో చిన్న సంగతి. ఈ నవలకు 2001లో కామన్వెల్త్ బహుమతి పోటీలో మొదటి అంచె గెలుపు వస్తే, రచయిత పోటీ నుంచి పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు. వలస పాలన నాటి కూటమి పేరు మీద, ఇంగ్లీషులో రాసినవాళ్ళకు మాత్రమే ఇచ్చే బహుమతి నాకొద్దన్నాడు. రాసిన పుస్తకానికి తగ్గట్టు నిలబడ్డాడు. నాకు అది చాలా నచ్చింది.

మనం కూర్చున్న ఈ విశాఖపట్నం మీద కూడా 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకు పారిపోయింది. ఆ రోజున మా ముత్తాత ఏ కొండ మీద ఉన్నాడో. తన ఊరి వైపు నడుస్తున్నాడు, ఆ ఊరివాళ్ళు బాంబులకు భయపడి ఇళ్ళు వదిలి ఇంకెటో పోతున్నారు. బీచ్ రోడ్డు మ్యూజియంలో ఆనాటి బాంబు షెల్ పెట్టారు, మా స్కూలు పిల్లలను చాలాసార్లు తీసుకెళ్ళి చూపించాను. ఈసారి వెళ్ళినప్పుడు మాత్రం ఎక్కువసేపు నిలబడ్డాను.

మామ్మ చెప్పిన ఇంకొక మాట ఉంది, అది నేను చిన్నప్పుడు సరిగ్గా వినలేదు. ఆయన వచ్చాడని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళట. మా ఆయన ఏడి, మా అబ్బాయి ఏడి అని. ఆయన ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేవాడట. వాళ్ళు పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చుని, మామ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వెళ్ళిపోయేవాళ్ళట. కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళట, వారం తర్వాత, నెల తర్వాత. ఒకావిడ మూడేళ్ళు వచ్చిందట. ఆయన తనవాళ్ళను వెంటబెట్టుకుని నడిచాడా, మధ్యలో వదిలేసి వచ్చాడా, వాళ్ళు ఆయన చేతుల్లో పోయారా, మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాజ్‌కుమార్ గురించి చదివాక ఆయన్ని అసహ్యించుకోనూ లేను, వెనకేసుకు రానూ లేను. ఆయన ముఖం గోడవైపే ఉంది నాకు.

లెక్కల పుస్తకం తెచ్చాను, ఈ సంచిలో ఉంది. ఇదిగో. ఆఖరి నాలుగు పేజీలు 1941 సంక్రాంతి వెళ్ళాక ఓడ ఎక్కించిన జట్టు. ముప్పై ఒక్క పేర్లు. పైకి చదవను, వాళ్ళ మనవలు ఎక్కడో ఉంటారు, వాళ్ళకు తెలియకుండా ఇలా మైకులో చదవడం బాగుండదు. ఊళ్ళ పేర్లు మాత్రం చెప్తాను. సోంపేట, కంచిలి, మందస, కవిటి, హరిపురం, పలాస పక్క పల్లెలు ఐదారు. ఈ ముప్పై ఒక్క పేర్లలో ఒక్కదాని మీద కూడా అడ్డగీత లేదు. 'చెల్లు' అన్న మాట ఒక్క చోట లేదు. ఆయన తిరిగొచ్చాక తొమ్మిదేళ్ళు బతికాడు, బాకీ వసూలుకు వెళ్ళలేదు, పుస్తకంలో కొట్టేయనూ లేదు.

మీలో ఎవరిదైనా ఆ వైపు ఊరైతే, ఇంట్లో ఎవరో రంగం వెళ్ళి రాలేదని ఎప్పుడైనా విని ఉంటే, టీ తాగేటప్పుడు వచ్చి చూడండి. బల్ల మీద పెడుతున్నాను. కాగితం పొడిపొడిగా అయిపోయింది, మూల పట్టుకుని మెల్లగా తిప్పండి. వేలిముద్రల మీద చెయ్యి పడకుండా చూసుకోండి.